తుండు కింది మాట

మా బజారులో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. శివరాత్రి దాటి చింతపండు బండ్లు కృష్ణగిరి సంతకు దిగడం మొదలయ్యాక, కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, భుజం మీది తుండు తీసి చేతుల మీద కప్పుకునేవాళ్లు. ఇక మాట్లాడేది వేళ్లే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు, అరచేయి మొత్తం పట్టుకుంటే బేరం కుదిరినట్టు. చేయి చాపి ఊరికే వదిలేస్తే, నేనేమీ చెప్పను, నువ్వే చెప్పు అని అర్థం. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎంతకు కుదిరిందో ఆ ఇద్దరికే తెలుసు. తుండు కింద జరిగింది పైకి చెప్పినవాడికి మా బజారులో విలువ లేదు. దొంగనైనా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాళ్లు గానీ, వాడికి మంచినీళ్లు కూడా ఇచ్చేవాళ్లు కాదు.

నేను ఆ గుడ్డ కిందే పెరిగాను. మాది పాతపేటలో పచారీ కొట్టు. సీజనులో చింతపండు, మిగతా రోజుల్లో బియ్యం, బెల్లం, పప్పులు, వేరుశెనగ చెక్క. బడిలో ఎవరూ నేర్పని పాఠం మా నాయన నాకు తక్కెడ పక్కన కూర్చోబెట్టి నేర్పాడు. "ఎవుడైనా మొదట చెప్పేది ధర కాదురా, గొంతు సవరించుకునేది. రెండోసారి చెప్పేది బెదిరింపు. మూడో మాట కాడ అసలు మనిషి బయటికొస్తాడు. ఆడిదాకా నువ్వు కదలొద్దు." ఈ పాఠాన్ని నేను దేవుళ్ల మీద కూడా ప్రయోగించాను. ఎస్సెల్సీ పరీక్షలప్పుడు కొండ మీది స్వామితో, పాసైతే ఒక టెంకాయ, మంచి మార్కులొస్తే రెండు అని మాట్లాడుకుని, లెక్కల్లో తప్పగానే ముందే కొనిపెట్టిన టెంకాయను ఇంటికి తీసుకెళ్లి చట్నీ చేయించాను. సరుకు రాలేదు, బయానా వాపసు.

అలాంటివాణ్ణి ఒక మనిషి మోసం చేశాడంటే ఎవరూ నమ్మరు. నాకే ఇన్నేళ్లయినా సరిగ్గా నమ్మకం కుదరదు.

ఆయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. పంతొమ్మిదివందల అరవైలు సగానికి వచ్చేవేళకు హోసూరు నుంచి బదిలీ మీద మా ఊరొచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పుట్టుకతో క్రైస్తవుడు. హోసూరు పశువుల ఫారంలో పనిచేస్తున్నప్పుడు, మేతగడ్డి పెంచడం నేర్పడానికి అమెరికా నుంచి ఒకాయన వచ్చి రెండేళ్లు ఉన్నాడట. ఆయనది మోర్మన్ మతం. పొగ, సారాయి సరే, కాఫీ టీలు కూడా ముట్టడు. తిరిగి పోయేముందు తన మతగ్రంథాన్ని మా కాంపౌండరు చేతిలో పెట్టి పోయాడు. ఈయన డిక్షనరీ పక్కన పెట్టుకుని దాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగోసారికి నమ్మాడు.

నమ్మాడు గానీ చేరడానికి దారి లేదు. ఆ మతంలో బాప్తిస్మం ఇవ్వాలంటే అందుకు అధికారం పొందినవాడే ఇవ్వాలి. మనిషిని పూర్తిగా నీళ్లలో ముంచి లేపాలి. పసితనంలో నెత్తిన చల్లిన నీళ్లు వాళ్ల లెక్కలోకి రావు. అధికారం ఉన్నవాడు మా చుట్టుపక్కల ఎక్కడా లేడు. పాత చర్చి ఈయన వదిలేశాడు, కొత్త చర్చి సముద్రానికి అవతల ఉంది. ఆరేళ్లుగా అమెరికాకు ఉత్తరాలు రాసుకుంటూ, గుడి లేకుండా, గురువు లేకుండా, ఒక్కడే ఆ నియమాలన్నీ పాటిస్తున్నాడు.

మొదటిరోజు కొట్టుకు వచ్చినప్పుడు నేను అలవాటు ప్రకారం కాఫీ తెప్పించబోయాను.

"వద్దు శెట్టీ."

"అయితే టీ చెప్పేదా అన్నా?"

"అదీ వద్దప్పా."

"ఆకువక్క?"

"అలవాటు లేదు."

"మరి నిన్ను యాడ పట్టుకునేది? కాఫీ తాగనోడితో బేరం చేసేది మా వంశంలోనే లేదు."

"బేరమెందుకు? ధర చెప్పు, ఇస్తా."

ఆయన వెళ్లిపోయాక గానీ నాకు తెలియలేదు, నేను అసలు ధరే చెప్పేశానని. నా జన్మలో అదే మొదలు.

ఆ తర్వాత ఆయన రోజూ సాయంత్రం ఆస్పత్రి మూసి వచ్చి మా కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాడు. బజారులో నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషికీ నా నుంచి ఏదో కావాలి. అరువో, తూకంలో మొగ్గో, పక్క కొట్టువాడి మీద ఒక చాడీయో. ఈయనకు ఏమీ అక్కర్లేదు. మొదట అనుమానపడ్డాను. సంచి అడుగున రాయి ఉంటుందని వెతికాను. దొరకలేదు. నాకు ఏమీ అమ్మకుండా, ఏ బేరమూ ఆడకుండా నాతో మాట్లాడే మనిషి ఒకడు ఉన్నాడన్న సంగతికి మెల్లమెల్లగా రుచి మరిగాను.

నాకు మాత్రం ఆయనతో పని ఉంది. హోసూరు ఫారానికి పశువుల దాణాకు వేరుశెనగ చెక్క వేయాలని మా కొట్టుకు ఎప్పటినుంచో ఆశ. అక్కడి ఆఫీసర్లకు ఈయన మాట మీద గురి. అందుకని ఆయన మతం గురించి శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను.

నెలలో మొదటి ఆదివారం ఆయన పెదాలు ఎండిపోయి ఉండేవి. ఆ రోజు వాళ్లు వరసగా రెండు పూటలు తినరట, నీళ్లు కూడా తాగరట. ఆ రెండు పూటల తిండి లేనివాళ్లకు ఇచ్చేస్తారట.

"నేనూ చేస్తానన్నా," అన్నాను. ఆఫీసరు దగ్గర నా గురించి చెప్పేటప్పుడు ఈ ఉపవాసం కూడా చెబుతాడని నా ఎత్తు.

"మంచిది. రెండు పూటల బియ్యం తీసిపెట్టు."

"ఆదివారం నేను కొంచెమే తింటాను. చేరెడు చాలు."

"పెండ్లిలో ఎంత తింటావు?"

"మా ఇంటి పెండ్లిలోనా, పరాయి పెండ్లిలోనా?"

"పరాయి పెండ్లిలో."

నోరు జారి నిజం చెప్పాను. "అదే నీ కొలత," అన్నాడు.

మొదటి ఆదివారం సంచి చేతికి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

"ఏమన్నా, తక్కువుందా?"

"బియ్యం సరిగ్గానే ఉండాయి. నీ మొగమే మాడిపోయుంది. గొణుక్కుంటా ఇస్తే ఇచ్చినట్టు కాదప్పా. నీ దగ్గరే పెట్టుకున్నట్టు. మాలో అట్లే చెప్పినారు."

"బియ్యమూ పోయె, పుణ్యమూ పోయెనా? ఇదేమి న్యాయం? టిక్కెట్టు తీసుకున్నాక ఏడుస్తా కూచున్నా ఊరికి చేరుస్తారు గదా!"

"ఇది ఊత్తంగరై బస్సు కాదు శెట్టీ."

"సరే, తినేవోడి సంగతి? నేను ఏడ్చి ఇచ్చినా వాడి కడుపు నిండుతుంది గదా?"

"వాడికి నిండుతుంది. నీకే నిండదు."

మొహం సరిచేసుకుని మళ్లీ చాపాకే సంచి అందుకున్నాడు.

ఇంకోసారి, మనిషి మోక్షానికి పోయేది చేసిన మంచిపనుల వల్లనా, దేవుడి దయ వల్లనా అని అడిగాను. మనం చేయగలిగిందంతా చేయాలి, అది చాలని చోట దయ అన్నాడు. "ఎంతలో ఎంత? సగం సగం కుదరదా?" అన్నాను. "నాది సగమని ముందే కొలిచిపెట్టుకున్నోడు ఆ సగం కూడా చేయడప్పా," అన్నాడు. ఇంత గట్టి మనిషిని నేను సంతలో కూడా చూడలేదు.

ఉపవాసం రోజు కొట్లో కూర్చోవడం ఒక శిక్ష. కడుపు నిండి ఉన్నప్పుడు మాకు సరుకు వాసన తెలియదు. ఆ ఆదివారాలు బెల్లం బుట్ట, వేయించిన శెనగలు, చివరికి ఎండుమిరపకాయలు కూడా నన్ను పేరు పెట్టి పిలిచేవి. మా నాయన నావైపు చూసి తలకొట్టుకునేవాడు. "కాఫీ మానేస్తే మానేసినావు, అన్నం మానేసేది ఏమిరా? అంగడోడు ఎండిపోయుంటే సరుకు మీద నమ్మకం ఎవుడికి వస్తుంది?"

బియ్యం ఎవరికి పోతున్నాయో నేను అడగలేదు. మూడో నెలలో తెలిసింది. మా ఎదురు కొట్టు పెద్దాయనకు.

ఆయనా మా కులస్తుడే, వరసకు నాకు మామ. ఒకప్పుడు చింతపండులో ఆయన తర్వాతే ఎవరైనా. ముసలితనంలో చూపు మందగించినా తుండు కింద ఆయన వేళ్లకు ఎదురు లేదు. అది చూసి ఓర్వలేక ఒక ఏడాది నేను ఒక పని చేశాను. సంతకు రెండు వారాల ముందే ఊత్తంగరై అవతల చింతతోపులకు పోయి, రైతులందరితో ధర ముగించేసి వచ్చాను. సంతరోజు తుండు కప్పుకుని కూర్చున్నది ఊరికే వేషానికి. మామ ప్రతి బండి దగ్గరా చేయి చాపాడు. ప్రతి రైతూ తల అడ్డంగా ఊపాడు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. మరుసటి ఏడూ అదే జరిగింది. ఆ తర్వాత ఆయన కొట్టు తెరిచినా సరుకు లేదు. భార్య పోయింది. మిగిలింది ఒక్క కూతురు, సామల్పట్టిలో. అల్లుడికీ ఆయనకూ పడదు. "వాడి ఇంట్లో విస్తరి ముందు కూచునే రోజొస్తే దానికి ముందే నేను పోవాల," అని బజారంతా వినేటట్టు ప్రమాణం చేసిన మనిషి. మా ఇంటి మంచినీళ్లు కూడా ముట్టడు.

తన ఇంట్లో తన పొయ్యి వెలిగినన్నాళ్లే ఆ ప్రమాణం నిలుస్తుంది. ఆ పొయ్యి మీద ఉడుకుతున్నవి నా బియ్యం.

నాకు ఎలా తెలిసిందంటే, ఆ రోజు ఆయన తన అరుగు మీద నుంచి, నాకు వినబడాలనే, కాంపౌండరుతో గట్టిగా అన్నాడు. "బియ్యమంటే నువ్వు తెచ్చేవప్పా! మల్లెమొగ్గలు! ఎదురు కొట్లో కూడా అమ్ముతారు ఒక బియ్యం. రాళ్లేరేదానికి కూలికి మనిషిని పెట్టుకోవాల."

నేను పప్పు తూస్తున్నాను. నవ్వు ఆపుకోలేక తక్కెడ ముల్లు ఊగిపోయింది. నా బియ్యం తింటూ నా బియ్యాన్ని తిడుతున్నాడు. తిట్టు తగిలినకొద్దీ నాకు లోపల ఏదో చల్లగా దిగింది. అంతకు ముందు నేను ఎన్నో లాభాలు చూశాను. అలాంటిది చూడలేదు.

ఆ సాయంత్రం కాంపౌండరును మూటల వెనక్కి తీసుకెళ్లి, నా తుండు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాను.

"ఏం శెట్టీ ఇది? నాకు మీ వేళ్లలెక్క రాదప్పా."

"వచ్చేపనిలేదు. ఆ బియ్యం నావని ఆయనకు తెలియగూడదు. ఎవురికీ తెలియగూడదు. తెలిస్తే మామ పొయ్యి ఆర్పేసి పస్తుంటాడు, లేదంటే అల్లుడింటికి పోయి దినదినం చస్తాడు. సమ్మతమైతే నా చెయ్యి మొత్తం పట్టుకో. ఈ గుడ్డ కింద చెప్పింది పైన చెప్పగూడదు. అది మా కట్టు."

ఆయన నా అరచేతిని మొత్తం పట్టుకున్నాడు. మందుల వాసన వేసే గట్టి చేయి. "దేవుడికి మాత్రం తెలుస్తుంది," అన్నాడు. "ఆయన మా బజారుకు రాడులే," అన్నాను.

అయిదో నెలలో నన్ను హోసూరు ఫారానికి తీసుకెళ్లాడు. బస్సులో దారిపొడుగునా నేను ఆఫీసరు ముందు మాట్లాడవలసింది వల్లించుకున్నాను. అక్కడ ఈయన నోరు తెరిచి అన్నది ఇది. "సార్, ఈయన చెక్క బాగుంటుంది. మాటలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి." ఆఫీసరు పగలబడి నవ్వాడు. సరఫరా వేరేవాడికి పోయింది.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "కోపమా శెట్టీ?" అన్నాడు. "నిజమే గదా చెప్పినాను?" "నిజమే. అదే కోపం," అన్నాను. కొంతసేపటికి ఇద్దరం నవ్వుకున్నాం.

నేను ఉపవాసం మొదలుపెట్టిన కారణం ఆ రోజుతో చెల్లిపోయింది. ఉపవాసం మాత్రం పోలేదు. మరుసటి నెల మొదటి ఆదివారం సంచి కట్టి ఇచ్చాను. ఆయన నా మొహం చూసి ఈసారి వెంటనే అందుకున్నాడు. తర్వాత నెలకు ఒకటి కాస్తా వారానికి ఒకటి అయింది. రాళ్లు నేనే ఏరేవాణ్ణి, మా నాయన భోజనానికి పోయిన వేళ చూసి. మామ అరుగు మీద నుంచి వారంవారం నన్ను తిట్టేవాడు. వారంవారం నేను వినేవాణ్ణి. అలా ఏడాది కావచ్చింది. జీవితంలో ఏ వైపు నుంచి తూచినా తరుగు రాని వస్తువు నా దగ్గర అదొక్కటే ఉండేది.

అప్పుడు నీలం కాగితం ఉత్తరం వచ్చింది. కాంపౌండరు ఉత్తరం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తడం నేను చూడలేదు అంతకుముందు. వాళ్ల మతంలో అధికారం ఉన్న అమెరికా పెద్దమనిషి ఒకాయన బెంగుళూరు దాకా వస్తున్నాడు. మొదటి ఆదివారం కృష్ణగిరి వచ్చి ఈయన ఇంట్లో సభ పెడతాడు. మనిషి నిజంగా సిద్ధంగా ఉన్నాడని తోస్తే, మర్నాడు పొద్దున ఏట్లో బాప్తిస్మం ఇస్తాడు.

"నువ్వు రావాల శెట్టీ. ఊరికే కూచో చాలు. నా తరపున ఎవురున్నారు ఈడ?"

"వస్తానన్నా. కాఫీ ఇస్తారేమో అని మాత్రం అడగను."

ఆస్పత్రి వెనక చిన్న ఇల్లు. సాలలో చాపలు వేశారు. కాంపౌండరు భార్య, ఆస్పత్రి అటెండరు, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లు. గోడకు ఆనుకుని ఎదురు కొట్టు మామ. అన్నం తెచ్చిపెట్టే మనిషి పిలిస్తే రాకుండా ఎలా ఉంటాడు? నా గొంతు విని మొహం తిప్పుకున్నాడు. నాకు సంతోషమే వేసింది. మొహం తిప్పుకోగలిగినంత బలం నా బియ్యంది.

అమెరికా ఆయన కుర్చీలో కాకుండా చాప మీదే కూర్చున్నాడు, పొడుగు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. వాళ్లలో ఆ ఆదివారం ప్రసంగం ఉండదట. ఎవరికి తోస్తే వాళ్లు లేచి, తాము నమ్మినదీ కళ్లారా చూసినదీ సాక్ష్యంగా చెప్పాలట. కాంపౌండరు లేచాడు. మొదట ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. కళ్లు తుడుచుకున్నాడు. అమెరికా ఆయన నావైపు చూసి తల ఊపాడు. నాకేమీ అర్థం కాలేదు. తర్వాత కాంపౌండరు మా కోసం తెలుగులో మొదలుపెట్టాడు.

"మనిషి మనసు మారుతుందా అని నన్నడిగితే నేను ఈ శెట్టిని చూపిస్తాను. చింతగింజ కూడా ఊరికే ఇయ్యనోడు. లాభం కోసం నా కాడికి వచ్చినోడు. ఈపొద్దు తన కడుపు మాడ్చుకొని ఏడాదిగా ఒక ఇంటికి బియ్యమిస్తా ఉండాడు. తన చేత్తో రాళ్లేరి మరీ. తనను తిట్టే మనిషికి. ఆ తిట్లు విని సంతోషపడతా..."

"ఇంక చాలు, కూచోండి," అంది ఆయన భార్య కింది నుంచి, పంచె అంచు పట్టుకుని లాగుతూ. ఆమెకు అర్థమైంది. ఆయన ఆగలేదు.

మామ గోడ పట్టుకుని లేచాడు. చూపు ఆనని కళ్లతో నేనున్న దిక్కు వెతికాడు.

"ఏమిరా. ఆ బియ్యం నీవా?"

అబద్ధం నాకు ఊపిరి లాంటిది. నావి కావు మామా, ఈయనకేమో పిచ్చి అంటే సరిపోయేది. ఊరంతా నమ్మేది. అబద్ధం కావలసి వచ్చిన ఒకే ఒక్క రోజున అది నా నోటికి రాలేదు. "మామా..." అన్నాను. ఆయనకు అది చాలు. చెప్పులు కూడా వెతుక్కోకుండా బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున కాంపౌండరుకు ఏట్లో బాప్తిస్మం జరిగింది. నేను పోలేదు. అదే సమయానికి మామ మా కొట్టు మెట్లెక్కాడు, ఎన్నో ఏళ్ల తర్వాత. చంకలో ఒక గుడ్డ మూట. విప్పి గల్లాపెట్టె ముందు పెట్టాడు. ఆయన ఇత్తడి తక్కెడ. ఆ కొట్టులో మిగిలిన ఒకే ఒక్క సామాను.

"తిన్నదానికి సరిపోదు. అయినా పెట్టుకో."

"మామా, నేను చెప్పమనలేదు. ఒట్టు."

"నువ్వు తోపుల కాడికి ముందుగా పోయింది నాకు ఎప్పుడో తెలుసు. కోపం లేదు. యాపారం. కొట్టినావు, పడినాను. కానీ కొట్టిన చేత్తోనే కూడు పెట్టి, తెల్లోడి ముందర నన్ను కూచోబెట్టి, అది సాటించుకుంటివే..." తక్కెడను నా వైపు తోశాడు. "ఇది యాపారం కూడా కాదప్పా."

జీవితంలో నన్ను 'రా' అని తప్ప పిలవని మనిషి, అప్పా అన్నాడు. పరాయివాణ్ణి పిలిచినట్టు. ఆ మధ్యాహ్నమే సామల్పట్టికి పోయాడు, అల్లుడి విస్తరి ముందు కూర్చోవడానికి.

అదంతా మూలనున్న మూటల చాటు నుంచి మా నాయన విన్నాడు. మెల్లగా వచ్చి నా వీపు తట్టాడు. నా పెళ్లిచూపుల్లో కూడా అంత మురిసిపోలేదు ఆయన. "ఇంత తెలివి యాడ నేర్చుకుంటివిరా? ఏడాది ముందునుంచీ వేసుకున్న ఎత్తా ఇది? నాతో ఒక మాట చెప్పుంటే, నేను కూడా రెండు సేర్లు వేసుందును గదా!"

బజారు కూడా అదే అంది, వేరే మాటల్లో. పేట నుంచి కొత్త గిరాకీ రావడం మొదలైంది. పుణ్యాత్ముడి కొట్టట. ఆడవాళ్లు బియ్యం చేతిలో పోసుకుని, "ఇవేనా అప్పా, ఆ రాళ్లేరిన బియ్యం?" అని అడిగేవాళ్లు. ఆ సీజను అమ్మకం లాంటిది మా కొట్టు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్క సంచీ ఖాళీ అవుతుంటే నాకు ఒళ్లు మండేది.

మూడోనాడు కాంపౌండరు ఇంటికి పోయాను. బాప్తిస్మం తర్వాత ఆయన మొహం కడిగిన ఇత్తడి చెంబులా ఉంది. నన్ను చూసి ఎదురొచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎందుకు చెప్పినావు?"

"మీ ఇద్దరినీ కలపాలనుకున్నానప్పా. ఎన్నేళ్ల పగ..."

మొదటి మాట. గొంతు సవరించుకోవడం. నేను కదల్లేదు.

"ఎందుకు చెప్పినావన్నా?"

"మంచిని దాచిపెట్టేది కూడా ఒక గర్వమే శెట్టీ. నీ మంచికే..."

రెండో మాట. నేను కదల్లేదు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన భార్య వింటోంది.

"చెయ్యి పట్టుకున్నావు గదా, తుండు కింద. ఎందుకు చెప్పినావు?"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు.

"ఏడేళ్లప్పా. ఒక్కణ్ణే. ఆయన ఉత్తరాల్లో ప్రతిసారీ అడిగేవాడు, నీ విశ్వాసానికి నీ ఊర్లో ఏం ఫలం కనబడిందని. నేనేం చూపేది? కాఫీ మానేసింది చూపేదా? నువ్వు ఉపవాసం మొదలుపెట్టిన నెల నుంచీ నీ గురించే రాసినాను. ఆయన వచ్చి యాడ ఆ మనిషి అంటే... నా దగ్గర చూపేదానికి నువ్వు తప్ప ఏమీ లేదు."

అది మూడో మాట. అసలు ధర.

చింతపండు బుట్ట అమ్మేటప్పుడు మేమూ అదే చేస్తాం. ఎర్రగా మెరిసే పండు నాలుగు తీసి పైన పరుస్తాం. దాన్ని మచ్చు అంటాం. ఏడాదిగా ఆయన సాయంత్రాలు మా బల్ల మీద కూర్చున్నది, నాతో నవ్వింది, నా మొహం మాడితే సంచి వద్దన్నది, అన్నీ నేను మళ్లీ లెక్కేసుకున్నాను. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ప్రతిదానికీ వెనక ఒక ఉత్తరం ఉంది. బజారంతటిలో నా నుంచి ఏమీ అక్కర్లేని మనిషి ఒకడున్నాడని నేను నమ్మిన ఏడాది, ఆయనకు నా నుంచి కావలసింది నేనే.

"ఇచ్చేటప్పుడు మనసు ఎట్లుండాలో నాకు చెప్పినోడివి నువ్వే గదన్నా," అన్నాను. గుమ్మం దిగి వచ్చేశాను.

న్యాయంగా చెప్పాలంటే తుండును మొదట మోసం చేసింది నేనే, ఊత్తంగరై తోపుల్లో. ఫారం సరఫరా కోసం ఆయన దేవుణ్ణి వాడుకుందామనుకున్నదీ నేనే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గదు. మోసగాడికి మోసపోయే హక్కు లేదని ఎవరైనా అంటే, అలా అన్నవాడు ఎప్పుడూ బజారులో కూర్చుని ఉండడు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఇదంతా రాస్తూ నేను కూడా ఆ నాలుగు ఎర్ర పండ్లే పైన పరుస్తున్నానేమో. మీరు బుట్ట అడుగు దాకా చేయి పెట్టి చూసుకోండి.

మామ సామల్పట్టి నుంచి తిరిగి రాలేదు. నేను రెండుసార్లు బస్సెక్కి పోయాను. రెండుసార్లూ ఆయన కూతురు గడపలోనే నిలబడి, "నాయన నిద్రపోతా ఉండాడన్నా," అంది. లోపలి నుంచి దగ్గు వినబడుతూనే ఉంది. తక్కెడ వెనక్కి ఇద్దామని తీసుకెళ్లినదాన్ని అలాగే మోసుకొచ్చాను. దాంతో నేను ఎప్పుడూ ఏదీ తూచలేదు.

ఆ ఎండాకాలమే కాంపౌండరుకు సేలం బదిలీ అయింది. పోయేరోజు సాయంత్రం మా కొట్టుకు వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు. బేరాలు జోరుగా ఉన్నాయి, నా తుండు గల్లాపెట్టె మీద పడి ఉంది. ఆయన దాన్ని తీసి, నా చేతి మీదా తన చేతి మీదా కప్పాడు. అటెండరుకు ఇంజెక్షను నేర్పినంత జాగ్రత్తగా, మడతలు సరిచేసి మరీ. మందుల వాసన అలాగే ఉంది.

ఆ గుడ్డ కింద ఆయన ఏ వేలూ పట్టుకోలేదు. చేయి చాపి, వదులుగా, నా చేతి పక్కన పెట్టి ఊరుకున్నాడు. అంతదాకా వేళ్లలెక్క రాదన్న మనిషి, అది ఒక్కటి ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో. నేనేమీ చెప్పను, నువ్వే చెప్పు అని.

ఏదో ఒక వేలు పట్టుకుని ఉండవచ్చు. ఎంత తక్కువకైనా ముగించి ఉండవచ్చు. ఆయన ఒప్పుకునేవాడు.

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. తుండు దులిపి భుజాన వేసుకుని, ఎదురుగా నిలబడి ఉన్న గిరాకీ వైపు తిరిగి, "నీకేం కావాలమ్మా?" అన్నాను.